ట్రాక్ డేకి టైర్లలో గాలి ఎంత? కొలిచి, దించి, రాసుకునే పద్ధతి

మొదటిసారి ట్రాక్ డేకి, అంటే రేసు ట్రాక్ మీద సొంత కారు తిప్పుకునే రోజుకి, కారు తీసుకెళ్తున్నవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "గాలి ఎంత కొట్టించుకుని రావాలి?" దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్ల మాట నమ్మకండి. అదే మోడల్ కారు, అదే టైర్లు ఉన్న స్నేహితుడి అంకె కూడా మీకు పనికిరాకపోవచ్చు. అతను బ్రేక్ కొట్టే తీరు వేరు, కారు బరువు వేరు, ఆ రోజు ఎండ వేరు. పొద్దున చల్లటి టైర్లో ఎంత పెట్టాం అన్నది మొదలు మాత్రమే. నాలుగైదు ల్యాప్‌లు గట్టిగా తిప్పి పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటు) రాగానే గేజ్ ఎంత చూపిస్తుందో అదే అసలు లెక్క. దాన్ని వేడి ప్రెషర్ అంటారు. ఇక్కడ చెప్పేదంతా మీ కారుకు సరిపడే వేడి ప్రెషర్‌ను మీరే పట్టుకునే పద్ధతి.

ముందు కాస్త లెక్క చూద్దాం, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. మూసి ఉన్న గాలి వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ ఉన్న టైరు లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే గేజ్ 37 దాటి చూపిస్తుంది. చేతిలెక్కకు ప్రతి 10 డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్ఐ అనుకోండి. హైవే మీద వెళ్తున్నప్పుడు కూడా ఇది జరుగుతుంది, కానీ కొంచెమే. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉండే అంకెను ఆ కొంచెం పెరుగుదలను దృష్టిలో పెట్టుకునే కంపెనీ ఇస్తుంది. ట్రాక్ మీద టైరు గోడలు ప్రతి మలుపులోనూ మడతపడి లేస్తాయి, రబ్బరు తారును రాసుకుంటుంది, బ్రేకు డిస్కుల వేడి రిమ్ములోకి పాకుతుంది. దాంతో ఏడెనిమిది పీఎస్ఐ పెరగడం మామూలే. అంతగా ఉబ్బిన టైరు నేలకు మధ్యభాగంలోనే గట్టిగా ఆనుతుంది, పట్టు తగ్గుతుంది.

మరి ముందే తక్కువ పెట్టుకుని పోతే సరిపోదా? సరిపోదు. గాలి తక్కువైతే మలుపులో టైరు భుజం (నేలకు ఆనే భాగం, గోడ కలిసే అంచు) మీదికి పొర్లిపోతుంది. భుజం దగ్గరి రబ్బరు పెచ్చులుగా లేచిపోతుంది, మరీ తక్కువైతే టైరు అంచు రిమ్ము నుంచి వదులయ్యే ప్రమాదం కూడా ఉంది. ఎక్కువ గాలితో కారు కాస్త ముందే జారుతుంది, జారుతున్నానని చెప్పి మరీ జారుతుంది. తక్కువ గాలి టైరునే తినేస్తుంది. అందుకే ఎప్పుడూ పైనుంచి కిందికి రండి.

వెళ్లే ముందు వారం

మంచి గేజ్ ఒకటి కొనండి. గాలి దించే బటన్ దానికే ఉన్నది తీసుకోండి, పని సగం తేలికవుతుంది. పెట్రోల్ బంకు గేజ్ ఒక్కోచోట ఒక్కో అంకె చెబుతుంది. మీ గేజ్ నిజం కంటే ఒక పీఎస్ఐ ఎక్కువో తక్కువో చూపించినా పెద్ద నష్టం లేదు, కానీ రోజంతా అదే గేజ్ వాడాలి. పక్కవాడి గేజ్‌తో ఒకసారి, మీ గేజ్‌తో ఒకసారి కొలిస్తే ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు. ఇంకా కావాల్సినవి: 12 వోల్టుల చిన్న గాలి పంపు, సుద్దముక్క లేదా తెల్ల షూ పాలిష్, ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఎండలో, చెమట చేతులతో, గ్లవ్స్ తీసి ఫోన్ అన్‌లాక్ చేసేలోపు టైరు చల్లారిపోతుంది. కాగితమే మేలు.

టైర్లను కూర్చుని చూడండి. అరుగుదల 1.6 మిల్లీమీటర్ల గుర్తు దగ్గరికి వచ్చి ఉంటే ట్రాక్‌కి వద్దు. పంక్చర్ వేసిన టైరు కూడా వద్దు, ముఖ్యంగా భుజానికి దగ్గరగా వేసి ఉంటే. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటిన టైరు పైకి ఎంత బాగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది. వాల్వ్ మూతలు నాలుగూ ఉన్నాయో లేదో చూడండి, వీలైతే లోహపు మూతలు పెట్టుకోండి. అలైన్‌మెంట్ చేయించి, ఆ షీటు కాపీ దగ్గర ఉంచుకోండి. తర్వాత క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండే కోణం) గురించి ఆలోచించేటప్పుడు అది అవసరం అవుతుంది.

నైట్రోజన్ గురించి చాలామంది అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. తేడా తేమ వల్ల వస్తుంది. నీళ్లు తీయని కంప్రెసర్ నుంచి వచ్చిన గాలిలో తేమ ఉంటే, ఆ నీరు ఆవిరై ప్రెషర్ ఊహించని విధంగా పెరుగుతుంది. నైట్రోజన్ పొడిగా ఉంటుంది కాబట్టి పెరుగుదల ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. దొరికితే పట్టించుకోండి, దొరకకపోతే బెంగ వద్దు. నైట్రోజన్ పెట్టించాను కాబట్టి కొలవక్కర్లేదు అనుకోవడమే ప్రమాదం.

ఏ అంకెను లక్ష్యంగా పెట్టుకోవాలి?

మామూలు రోడ్డు టైర్లు, ముందు చక్రాలకు పవర్ ఉండే హ్యాచ్‌బ్యాక్ లేదా సెడాన్ అయితే వేడి ప్రెషర్ 34 నుంచి 38 మధ్య ఎక్కడో కుదురుతుంది. 36తో మొదలుపెట్టండి. ట్రాక్ కోసమే చేసిన సెమీ స్లిక్ టైర్లకు సాధారణంగా ఇంతకంటే తక్కువ, 30 నుంచి 34 మధ్య, సరిపోతుంది. వాటి గోడలు గట్టిగా ఉంటాయి. ఆ టైరు తయారుచేసిన కంపెనీ ట్రాక్ కోసం విడిగా అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. టైరు గోడ మీద "గరిష్ఠం" అని రాసి ఉండే అంకె, 44 గానీ 51 గానీ, లక్ష్యం కాదు. అది దాటకూడని హద్దు మాత్రమే.

ఆ రోజు పొద్దున

చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ పడకుండా ఉన్న టైరు. మన తెలుగువాళ్లకు దగ్గరలో ఉన్న పెద్ద ట్రాక్ శ్రీపెరంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 3.717 కిలోమీటర్ల ల్యాప్. నెల్లూరు, తిరుపతి నుంచి తెల్లవారుజామున బయల్దేరి నేరుగా ట్రాక్‌కి వెళ్లిపోవచ్చు. అలా వెళ్తే మాత్రం గేటు దగ్గర కొలిచేది చల్లటి ప్రెషర్ కాదు, హైవే వేడి అందులో కలిసి ఉంటుంది. ముందు రోజు రాత్రే వెళ్లి అక్కడ ఉండగలిగితే, హోటల్ పార్కింగ్‌లో సూర్యుడు పైకి రాకముందే కొలిచి రాసుకోండి. వీలుకాకపోతే ట్రాక్‌కి చేరాక కారును నీడలో పెట్టి, రిజిస్ట్రేషన్, బ్రీఫింగ్ అయ్యేదాకా ఆగి కొలవండి. కారుకు ఒకవైపే ఎండ పడితే ఆ వైపు టైర్లు ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి. అది చూసి అటువైపు గాలి దించేస్తే రోజు తప్పుడు లెక్కతో మొదలవుతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, చెన్నై దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. గేజ్ చూపించేది బయటి గాలితో పోల్చిన తేడాను. కాబట్టి హైదరాబాద్‌లో 33 చూపించిన టైరు, అదే ఉష్ణోగ్రతలో చెన్నైలో సుమారు 32 చూపిస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు. పంక్చరేమో అని టెన్షన్ పడకుండా ట్రాక్ దగ్గరే మళ్లీ కొలిచి సరిచేసుకోండి.

మొదటి సెషన్‌కు (ట్రాక్ మీద మొదటి విడతకు) డోర్ స్టిక్కర్ మీద ఉన్న అంకెనే నాలుగు చక్రాలకూ పెట్టండి. దించకండి. అలవాటైనవాళ్లు ముందే మూడు నాలుగు దించి వెళ్తారు, వాళ్లకు తమ కారు లెక్క తెలుసు. మీరు ఇంకా ఆ లెక్క తయారు చేసుకునే దశలో ఉన్నారు.

కారులోంచి స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు, కాళ్ల కింది మ్యాట్లు తీసేయండి. చక్రాల నట్లు కంపెనీ చెప్పిన టార్కుకు బిగించి ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ప్రతి టైరు మీదా మూడు చోట్ల, నడిమి నుంచి భుజం మీదుగా గోడ వరకు, సుద్దతో అడ్డంగా గీత గీయండి.

మొదటి సెషన్

మొదటి ల్యాప్ నెమ్మదిగా. టైరు పైరబ్బరు త్వరగా వేడెక్కుతుంది, లోపలి గాలి ఆలస్యంగా వేడెక్కుతుంది. రెండో ల్యాప్ నుంచి మీకు సౌకర్యంగా ఉన్నంత వేగంతో, ఒకేలా తిప్పండి. ఒక ల్యాప్ గట్టిగా, ఒక ల్యాప్ మెల్లగా తిప్పితే ఆ అంకెకు అర్థం ఉండదు. నాలుగైదు ల్యాప్‌లు అయ్యాక పిట్‌లోకి రండి. సెషన్ చివరిదాకా ఉండి, చల్లార్చే ల్యాప్ కూడా పూర్తిచేసి, పార్కింగ్‌లో స్నేహితులతో మాట్లాడాక కొలిస్తే మీకు దొరికేది చల్లారిన టైరు. అందుకే ఈ మొదటి కొలత కోసం సెషన్ మధ్యలోనే ఒకసారి లోపలికి రావడం మంచిది. మధ్యలో వస్తున్నారని నిర్వాహకులకు ముందే చెప్పి, ఎక్కడ ఆపాలో అడిగి పెట్టుకోండి.

పిట్‌లో మొదటి రెండు నిమిషాలు

రోజు మొత్తంలో జాగ్రత్త ఎక్కువ కావాల్సింది ఇక్కడే.

కారు ఆపగానే హ్యాండ్‌బ్రేక్ వేయకండి, వేడి బ్రేకులు పట్టేసుకుంటాయి. గేరులో ఉంచి, చక్రం కింద చెక్కముక్క పెట్టండి. పక్కన సహాయానికి ఒకరుంటే వాళ్లు రాస్తారు, మీరు కొలుస్తారు. ఎక్కువ బరువు మోసిన టైరుతో మొదలుపెట్టండి. గడియారం ముల్లు తిరిగే దిక్కుగా సాగే ట్రాక్‌లో, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ అలాంటిదే, కుడి మలుపులు ఎక్కువ కాబట్టి ఎడమ టైర్లు, అందులోనూ ఎడమ ముందుది, ఎక్కువ పని చేస్తాయి. రిమ్ములు, డిస్కులు చేయి కాలేంత వేడిగా ఉంటాయి, గ్లవ్స్ వేసుకోండి. గేజ్‌ను వాల్వ్ మీద నిటారుగా ఒకేసారి నొక్కండి. నాలుగూ కొలిచి రాసుకున్నాకే గాలి దించడం మొదలుపెట్టాలి. కొలుస్తూ దించుతూ పోతే నాలుగో టైరు వంతు వచ్చేసరికి అది చల్లారుతుంది, పైగా అసలు ఎంత పెరిగిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఉదాహరణకు పొద్దున 28 డిగ్రీలప్పుడు నాలుగింటికీ 33 పెట్టారనుకోండి. పిట్‌లోకి వచ్చాక ఎడమ ముందు 41, కుడి ముందు 39.5, ఎడమ వెనక 37, కుడి వెనక 36 చూపించాయి. లక్ష్యం 36. అంటే ఎడమ ముందు టైరులో 5, కుడి ముందు 3.5, ఎడమ వెనక 1 దించాలి, కుడి వెనకదాన్ని ముట్టుకోవద్దు. ఇప్పుడు నాలుగూ 36 దగ్గర ఉన్నాయి. ఇవే టైర్లు మళ్లీ 28 డిగ్రీలకు చల్లారితే వరుసగా సుమారు 29, 30, 32, 33 చూపిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు నాలుగూ నాలుగు రకాలుగా ఉండటం తప్పు కాదు. పని చేసే సమయంలో సమానంగా ఉండటానికే అవి అలా ఉన్నాయి.

ఒక్కసారే మొత్తం దించేయకుండా ఒకటి, ఒకటిన్నర చొప్పున దించి మళ్లీ చూడండి. నేను పాటించమని చెప్పే హద్దులు రోడ్డు టైర్లకు రెండు: వేడిగా ఉన్నప్పుడు 32 కంటే కిందికి, చల్లారాక 26 కంటే కిందికి పోవద్దు. ఇంకొంచెం దించితే ఇంకొంచెం పట్టు వస్తుందేమో అనే ఆశ అక్కడ ఆగిపోవాలి.

ఇంకో చిన్న విషయం. కారు ఆగాక కొన్ని నిమిషాల పాటు బ్రేకుల వేడి రిమ్ము ద్వారా లోపలి గాలికి చేరుతుంది. గాలి తగలకపోవడంతో ముందు టైర్ల ప్రెషర్ ఆగిన తర్వాత కూడా కాస్త పెరగవచ్చు. పది నిమిషాల తర్వాత మళ్లీ కొలిచి "అరె, పెరిగిందే" అని మళ్లీ దించకండి. ఎప్పుడూ రాగానే కొలవండి, ప్రతి సెషన్‌కూ అదే వ్యవధిలో కొలవండి.

సుద్ద గీత ఏం చెబుతుంది?

చాలా టైర్ల గోడ పైభాగంలో, భుజం దగ్గర, చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. మలుపులో టైరు నేలకు ఆనాల్సింది దాదాపు అక్కడిదాకానే. సుద్ద ఆ త్రిభుజం వరకు చెరిగిపోయి ఉంటే బాగుంది. త్రిభుజం దాటి గోడ మీద కూడా చెరిగితే టైరు పొర్లుతోంది, గాలి పెంచాలి. భుజం మీద సుద్ద ఇంకా తెల్లగా మిగిలి ఉంటే గాలి ఎక్కువ, లేదా మీరు ఇంకా అంత గట్టిగా తిప్పడం లేదు. మొదటి రోజు రెండోదే కారణం కావచ్చు, తొందరపడకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రోడ్డు కార్లకు కంపెనీ ఇచ్చే నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం, చాలా తక్కువ. మలుపులో కారు పక్కకు ఒరిగితే గాలి సరిగ్గా ఉన్నా బయటి భుజమే భారం మోస్తుంది. వేడి ప్రెషర్ 38 దగ్గరున్నా బయటి భుజం అరిగిపోతుంటే ఇంకా గాలి కొడుతూ పోవడం పరిష్కారం కాదు. మలుపులోకి కాస్త నెమ్మదిగా వెళ్లడం మొదటి మందు, క్యాంబర్ మార్పించడం తర్వాతి మాట.

ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఉంటే టైరు లోపలి అంచు, నడుము, బయటి అంచు మూడూ కొలవండి. నడుము వేడిగా ఉంటే గాలి ఎక్కువ, రెండు అంచులూ వేడిగా ఉండి నడుము చల్లగా ఉంటే గాలి తక్కువ. ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చూపిస్తుంది, అది క్షణాల్లో మారిపోతుంది. రబ్బరులోకి గుచ్చే సూది ఉన్నదైతే నమ్మొచ్చు. మొదటి రెండు మూడు ట్రాక్ డేలకు ఇది లేకపోయినా ఏమీ కాదు, గేజూ సుద్దా చాలు.

స్టీరింగ్ చెప్పేది కూడా వినండి

గాలి ఎక్కువైతే కారు తేలుతున్నట్టు ఉంటుంది. కెర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) మీద ఎగురుతుంది, బ్రేకు నొక్కగానే ఏబీఎస్ ముందే కొట్టుకుంటుంది. మొదటి మూడు ల్యాప్‌లు బాగుండి నాలుగో ల్యాప్ నుంచి ముందు చక్రాలు నూనె మీద ఉన్నట్టు జారుతుంటే, ప్రెషర్ లక్ష్యాన్ని దాటిపోయిందనో టైరు మరీ వేడెక్కిందనో అర్థం. ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పండి. గాలి తక్కువైతే స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది, మలుపు మధ్యలో కింద మెత్తగా కదులుతున్నట్టు అనిపిస్తుంది. టైరు సన్నగా కీచుమనడం మామూలే. అది బొంగురు గొంతుతో మూలిగినట్టు మారితే దాన్ని అతిగా లాగుతున్నారు.

ఎదుటి కారుకు దగ్గరగా చాలాసేపు వెళ్తే మీ టైర్లకు తగిలే గాలి తగ్గి, ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. 2025 మార్చిలో థాయ్‌లాండ్ మోటోజీపీ బైకు రేసులో మార్క్ మార్కెజ్ ఈ సూత్రాన్నే వాడుకున్నాడు. ముందు టైరులో 1.8 బార్ (సుమారు 26 పీఎస్ఐ) కనీస ప్రెషర్ ఉండాలనే నిబంధన కోసం, ముందున్నవాడు కావాలనే తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చి, అతని వెనక వేడి గాలిలో నడిపి టైరు ప్రెషర్ పెంచుకున్నాడు. చివర్లో మళ్లీ దాటి గెలిచాడు. మీకు కావాల్సింది దీనికి తిరగేసిన పని. ప్రెషర్ దాటిపోతుంటే ముందున్న కారుకు దూరం పెంచండి.

వెనక టైర్లలో గాలి పెంచితే ముందు చక్రాలకు పవర్ ఉండే కార్లు మలుపులో బాగా తిరుగుతాయని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, వెనక పట్టు తగ్గుతుంది కాబట్టి. కొత్తవాళ్లు మాత్రం ఆ ప్రయోగం చేయవద్దని గట్టిగా చెబుతాను. వేగంగా వెళ్తున్నప్పుడు వెనక భాగం జారితే సరిదిద్దడానికి అనుభవం కావాలి.

మధ్యాహ్నం, వాన

పొద్దున 26 డిగ్రీలు ఉన్నది మధ్యాహ్నానికి 36 అయితే, ఆ పది డిగ్రీలకే ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. తారు వేడి వేరే కలుస్తుంది. పొద్దున కుదిరిన లెక్క మధ్యాహ్నం సెషన్‌కు కుదరదు, మళ్లీ కొలవాలి. రెండో సెషన్ నుంచి మార్పులు అర, ఒకటి పీఎస్ఐకి మించవు.

వాన పడితే కథ తిరగబడుతుంది. నీళ్లు టైరును చల్లార్చేస్తాయి, అందులోనూ మీరు గాలి దించి ఉన్నారు. వేడి ప్రెషర్ లక్ష్యానికి చేరదు. పైగా గాలి తక్కువ ఉన్న టైరు నీటి పొర మీద తక్కువ వేగానికే తేలిపోతుంది. పంపు తీసి చల్లటి అంకెను స్టిక్కర్ అంకె దాకా తిరిగి తీసుకురండి. ట్రాక్ మీద నీళ్లు నిలిస్తే ఆ సెషన్ వదిలేయండి.

బైకుతో వెళ్లేవాళ్లకు ఒక మాట. పద్ధతి ఇదే, అంకెలు ఇవి కావు. బైకు టైరు నేలకు ఆనే జాగా చాలా చిన్నది, తప్పుకు అవకాశం తక్కువ. కారు లెక్కలు దానికి పెట్టకండి. మీ టైరు మోడల్‌కు తయారీదారు ఇచ్చిన ట్రాక్ ప్రెషర్, అది చల్లటిదా వేడిదా అన్నది చూసుకుని, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇంటికి బయల్దేరే ముందు

దీన్ని దయచేసి మరిచిపోకండి. రోజంతా గాలి దించుతూ వచ్చారు. సాయంత్రం గేజ్ 34 చూపిస్తే సరిపోయింది కదా అనిపిస్తుంది, కానీ అది వేడి టైరు అంకె. చల్లారాక ముందు టైర్లు 28, 29 దగ్గరికి దిగుతాయి. కారులో మళ్లీ స్టెప్నీ, సామాన్లు, నలుగురు మనుషులు ఎక్కుతారు, హైదరాబాద్ దాకా ఆరు వందల కిలోమీటర్లు ఉంటాయి. గాలి తక్కువ ఉన్న టైరు హైవే వేగంలో గోడల దగ్గర వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది, అదీ ట్రాక్ మీద అప్పటికే అలిసిపోయిన టైరు. చివరి సెషన్ తర్వాత కనీసం గంట, వీలైతే ఇంకా ఎక్కువసేపు, చల్లారనివ్వండి. భుజాల్లో పెచ్చులు, గోడల మీద ఉబ్బులు, గుచ్చుకున్న రాళ్లు ఉన్నాయేమో నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూడండి. ఉబ్బు కనిపిస్తే ఆ టైరుతో ఇంటికి వెళ్లకండి, స్టెప్నీ వేసుకోండి. తర్వాత స్టిక్కర్ అంకె కంటే రెండు ఎక్కువ కొట్టండి, ఎందుకంటే టైరు ఇంకా పూర్తిగా చల్లారలేదు. టైర్ ప్రెషర్ హెచ్చరిక లైటు ఉన్న కారైతే ఇప్పుడు రీసెట్ చేయండి. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర, కారు కదపకముందే, మళ్లీ కొలిచి స్టిక్కర్ అంకెకు సరిచేయండి.

నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ మీద ఇవి ఉండాలి: తేదీ, ట్రాక్, ప్రతి సెషన్ సమయం, అప్పటి ఎండ, నాలుగు టైర్ల చల్లటి అంకెలు, వేడి అంకెలు, ఎంత దించారు, కారు ఎలా నడిచిందో ఒక వాక్యం. మళ్లీ అదే ట్రాక్‌కి అదే టైర్లతో వెళ్లినప్పుడు మొదటి సెషన్‌కు ఆ పేజీలోని చివరి చల్లటి అంకెలకు ఒకటి కలిపి పెట్టుకుని మొదలుపెట్టవచ్చు.